ఐదో కత్తి: ఎండుగడ్డి రంగు ఫొటోలోకి రావడం లేదు

రెండు ఆదివారాలు, 47 ఫొటోలు. వేడికి ఉక్కు మీద వచ్చిన, కంటికి అంత చక్కగా కనిపించే రంగు స్క్రీన్ మీద బూడిద రంగైపోతోంది.

లారీ కమాను పట్టీతో చేస్తున్న ఐదో కత్తి ఇది. బ్లేడు 160 మి.మీ. పొడవు, 3 మి.మీ. మందం. కొలిమి ఫొటోలు ఈసారి బాగా వచ్చాయి. హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫులో) ఎరుపు ఒక్కటే చూసుకుంటూ వెలుగుని రెండు స్టాపులు తగ్గించాను (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది), కాలిన ఉక్కు పసుపైపోలేదు. నూనెలో ముంచినప్పుడు లేచిన పొగ కూడా దొరికింది.

చిక్కంతా టెంపరింగ్ దగ్గరే, అంటే గట్టిపడ్డ ఉక్కు పెళుసుతనం తగ్గడానికి మళ్ళీ కాస్త వేడి చేసే దగ్గర. 205 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఓవెన్‌లో పెట్టి తీస్తే, వెన్ను దగ్గర ఎండిన వరిగడ్డి రంగు, మొన దగ్గరికి వచ్చేసరికి తేనె రంగు. దీన్నే పట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఎమెరీ కాగితం తగిలితే ఆ రంగు పోతుంది.

మొదట ఆటో వైట్ బ్యాలెన్స్‌లో (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని కెమెరానే సరిచేసే అమరికలో) తీశాను. కెమెరా ఆ కాస్త పసుపునీ తుడిచేసింది. ఆ అమరికని పగటి వెలుగుకి సరిపడే 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టినా బ్లేడు నల్లగానే వచ్చింది. మెరుపు అడ్డొస్తోందేమోనని లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే ఏ తేడా లేదు. నీటి మీద, గాజు మీద మెరుపుని అది తగ్గిస్తుంది కానీ లోహం మీద దాదాపు పనిచేయదు. పైగా ఈ రంగు ఉన్నదే ఆ మెరుపులో. ఉక్కు మీద ఏర్పడిన సన్నటి ఆక్సైడ్ పొర పైనుంచీ, అడుగు నుంచీ తిరిగొచ్చే వెలుగులు కలిసి పుట్టే రంగు అది. మెరుపు తీసేస్తే రంగూ ఉండదు. ఇది తట్టడానికి నాకు వారం పట్టింది!

అందుకే బ్లేడులో ప్రతిబింబించేలా దానికి ఎదురుగా తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెట్టాను, 40 సెం.మీ. దూరంలో. వెన్ను వైపు సగం వెంటనే గడ్డి రంగులో వెలిగింది. కెమెరాలోని వెలుగు మీటర్ చెప్పినదానికంటే ఒకటింబావు స్టాపు తగ్గిస్తే రంగు ఇంకా చిక్కబడింది. కానీ కింద పదును వైపు చెక్కిన వాలు మాత్రం కారు నలుపు.

నా అనుమానం కోణం మీద. వాలు 15 మి.మీ. ఎత్తు, రెండు వైపులా 1.5 మి.మీ. చొప్పున తగ్గుతుంది, అంటే దాదాపు 6 డిగ్రీలు. ప్రతిబింబం దానికి రెట్టింపు, 12 డిగ్రీలు జరుగుతుంది. 40 సెం.మీ. దూరంలో అది ఎనిమిదిన్నర సెం.మీ. నా షీటు అంచు అంతకుముందే అయిపోయింది. వచ్చే వారం షీటు బదులు తెల్ల డ్రాయింగ్ చార్టుని విల్లులా వంచి పెడతాను. అప్పటికీ నల్లగానే ఉంటే 600 గ్రిట్ ఎమెరీ కాగితం (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ నునుపు) గీతలే వెలుగుని చెదరగొడుతున్నాయనుకోవాలి. ఒక వైపు 1000 దాకా రుద్ది, మళ్ళీ ఓవెన్‌లో పెట్టి చూస్తాను. 400 వరకు జాన్ ఓకీ కంపెనీ కాగితం చాలు, ఆ పైన త్రీఎం కంపెనీది నాకు ఇష్టం.

ఈ వెలుగు కుదిరితే ఆరో కత్తి పొరల ఉక్కుతో చేయాలని ఉంది. కోఠిలో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చి, ముంచిన ప్రతి రెండు నిమిషాలకీ ఒక ఫొటో తీస్తాను. గీతలు పైకి తేలడం వరుసగా చూడాలి.