దుబాయ్‌లో కూర్చుని వైజాగ్ ఇంటికి కాంట్రాక్టర్‌ని వెతకడం

మాది పెద వాల్తేరు, సముద్రానికి దగ్గర, నాన్న పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో కట్టిన పాత ఇల్లు. నేను దుబాయ్‌లో ఫిట్‌ఔట్ కంపెనీలో, అంటే కట్టిన బిల్డింగుల్లో లోపలి పనులు చేసే కంపెనీలో సైట్ ఇంజనీర్ని, పొద్దున్న లేస్తే సబ్ కాంట్రాక్టర్లతో గొడవ పడటమే నా ఉద్యోగం. అందుకని మా ఇల్లు బాగు చేయించే పని నా నెత్తిన పడింది, ఇంట్లో అందరూ నీకు తెలుసు కదా నువ్వే చూసుకో అన్నారు.

ముందుగా చెప్పేది, రేటు అడగడానికి ఫోన్ మీరు చెయ్యొద్దు. అబ్బాయి దుబాయ్‌లో ఉంటాడని తెలిసిందంటే చదరపు అడుగు రేటు అక్కడికక్కడే పెరిగిపోద్ది. నేను మా బావ చేత అడిగించాను. ఒకాయన లేబర్ వరకే చెప్పాడు, ఒకాయన మెటీరియల్‌తో కలిపి ఐటమ్ ఐటమ్‌కీ రాసిచ్చాడు, ఇంకొకాయన మొత్తానికి ఇంత అని ఒక్క అంకె వాట్సాప్‌లో పెట్టేశాడు, అదే అన్నిటికంటే తక్కువ, నాన్నకి అదే నచ్చింది. ఏ సిమెంటు, ఏ పైపు, పెయింటు ఎన్ని కోటింగ్‌లు అన్నది లేకుండా ఒక్క అంకె ఇచ్చాడంటే మధ్యలో ఎక్స్‌ట్రా అని మొదలెడతాడు, అప్పటికి గోడలు కొట్టేసి ఉంటాయి, మనం ఏం చెప్పినా ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు పరీక్ష. వైజాగ్‌లో సముద్రం వైపు ఇళ్ళన్నిటికీ ఒకటే జబ్బు, ఉప్పుగాలికి స్లాబు లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి కింద నుంచి పెచ్చులు ఊడటం. తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటు పగిలి కిందకి వస్తది. కాబట్టి ఏ కాంట్రాక్టర్ని పిలిచినా మేడ కింద నిలబెట్టి ఆ పెచ్చులు చూపించి మేస్త్రీ గారూ దీనికి ఏం చేస్తారు అని ఊరికే అడగండి, అడిగి ఊరుకోండి, మీరేం చెప్పొద్దు. లప్పం పెట్టి పెయింట్ వేసేస్తే తెలీదు బాబూ అన్నాడంటే టీ ఇచ్చి పంపించెయ్యండి. వదులైందంతా కొట్టేసి, రాడ్డు చుట్టూ కాంక్రీటు తీసి, తుప్పు బ్రష్‌తో గీకి, రాడ్డు మరీ సన్నబడితే పక్కన కొత్తది కట్టి, మళ్ళీ తుప్పు పట్టకుండా యాంటీ కరోజన్ కోటింగ్ వేసి, అప్పుడు కొట్టేసిన చోట రిపేర్ మోర్టార్ అనే సిమెంటు మాలు నింపాలని చెప్పేవాడికి పని తెలుసు. మేం పెట్టుకున్నాయన ఇంకో మాట కూడా అన్నాడు, ముందు పైన నీళ్ళు ఎక్కడ నుంచి దిగుతున్నాయో చూడాలి అని, నాకు అక్కడే గురి కుదిరింది.

పాత పని చూపించమంటే అందరూ పోయిన నెల అయిన ఫ్లాటే చూపిస్తారు. కొత్తది ఏదైనా బాగానే ఉంటుంది. నాలుగైదు వానాకాలాలు గడిచిన ఇల్లు అడగండి, ఆ ఇంటి వాళ్ళతో మేస్త్రి పక్కన లేనప్పుడు మాట్లాడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో ఎవరి కిటికీలు ఎలా పోయాయో గుర్తుంది కదా, సముద్రం వైపు కిటికీలు మార్పిస్తే ఫ్రేము గోడకి ఎలా బిగిస్తాడో తప్పకుండా అడగాలి.

బాత్రూమ్ విషయంలో ఇక్కడి పద్ధతే అక్కడా పెట్టాను. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వెయ్యకముందే బయటకి పోయే దారులు మూసి నీళ్ళు కట్టి ఒక రోజు పైగా వదిలెయ్యాలి, కింద చెమ్మ వస్తే మళ్ళీ చెయ్యాలి. మేస్త్రి టైమ్ వేస్ట్ అని గునిశాడు, నీళ్ళు కట్టాడు మాత్రం. అలాగే ప్లాస్టరింగ్‌కి కనీసం వారం నీళ్ళు కొట్టించండి, ఇది ఎవరూ మానరు అనుకుంటాం, మానేది ఇదే.

డబ్బు. అడ్వాన్స్ మెటీరియల్ దిగేంత వరకే, తర్వాత పని అయిన దాన్ని బట్టి, ఎవరికి ఏది ఎప్పుడు అన్నది ముందే కాగితం మీద. ఇక్కడ దుబాయ్‌లో మా కంపెనీలో ప్రతి బిల్లులో రిటెన్షన్ అని కొంత పట్టుకుని పని అయిన తర్వాత ఒక ఏడాదికి వదుల్తారు, నేను పది శాతం అడిగాను. మన దగ్గర ఈ మాట అంటే మా మీద నమ్మకం లేదా సార్ అని మొహం మారిపోద్ది. బేరమాడి ఒక వానాకాలం దాకా అని ఒప్పుకున్నాడు. నమ్మకం ఉండాలన్న మాట నిజమే గానీ ఈ పది శాతం నాన్న వయసుకి అవసరం, రేపు స్లాబు కారితే ఆయన మేడెక్కి ఎవర్ని పిలుస్తాడు.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు, అప్పుడు నాకూ కాస్త ఊపిరి ఆడుతుంది. ఇక్కడ పన్నెండున్నర అంటే వైజాగ్‌లో రెండు, మేస్త్రి భోజనం అయి ఉంటుంది, వీడియో కాల్ అదే టైమ్‌కి. నాకు ఫొటోలు కాదు, నడుస్తూ తీసిన వీడియో కావాలని చెప్పాను, ఫొటోలో మూల కనపడదు. ఒకరోజు ఆయనే ఫోన్ చేసి బాబూ వంటగది లైన్‌లో పాత పైపు పగిలిపోయి ఉంది, ఖర్చు పెరుగుతాది, మీరు చూసి చెప్పండి అన్నాడు. గోడ మూసేసి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలీదు. ఆ ఖర్చు ఒక్కదానికి నేను బేరమాడలేదు.

అక్టోబర్, నవంబర్ తుఫాన్లు దాటాక బావ మేడెక్కి చూసి ఫోన్ చేస్తాడు, బాగుంటే ఆ పది శాతం అదే రోజు పంపేస్తా.