సంతకం ఎవరిది?

"కీమోకి ఒప్పుకున్న కాగితం మీద సంతకం రోగిది. జబ్బు పేరు మాత్రం కొడుక్కే తెలియాలా?" ఇంగ్లండులో కీమో ఇచ్చే వార్డులో సీనియర్ నర్సు నన్ను పక్కకి పిలిచి అడిగిన మాట ఇది. అంతకుముందు గుమ్మం దగ్గర మన విజయనగరం అబ్బాయి ఒకడు "నాన్నకి కేన్సరని సెప్పకండక్కా, గేస్టిక్ పుండన్నాం" అంటే తలూపాను. అంతే నా నేరం. మనవైపు దాన్ని నేరమనరు, మర్యాదంటారు.

పైగా అది లివరుకి పాకిన పాంక్రియాస్ (క్లోమం) కేన్సరు. అందులో నిజం చెప్పడమంటే అంకెలు చెప్పడమే. 1997లో జెమ్‌సిటబిన్ అనే కీమో మందు వచ్చి, ఫైవ్ ఎఫ్‌యూ అనే పాత మందుతో 4.4 నెలలుండే మధ్యస్థ ఆయుష్షుని 5.65కి తెచ్చింది. 2011 పరిశోధనలో జెమ్‌సిటబిన్‌తో 6.8 నెలలు వస్తే, ఫోల్ఫిరినాక్స్ అనే మందుల కలయిక దాన్ని 11.1కి లాగింది. 2013లో జెమ్‌సిటబిన్‌కి నాబ్ పాక్లిటాక్సెల్ కలిపితే 8.5. 2023లో నాలిరిఫాక్స్ అనే ఇంకో కలయిక కూడా 11.1 దగ్గరే ఆగింది. జెమ్‌సిటబిన్ తర్వాత ఇన్నేళ్ళ పరుగుకి దక్కింది ఆరు నెలలకి తక్కువే.

మధ్యస్థం అంటే గడువు కాదు. వందమందిని బతికిన నెలల ప్రకారం వరసలో నిలబెడితే నడిమి మనిషి దగ్గర పడే అంకె. ఫోల్ఫిరినాక్స్ తీసుకున్నవాళ్ళలో 48 శాతం ఏడాది దాటారు, జెమ్‌సిటబిన్‌తో దాటింది 21 శాతమే. కానీ ఆ వరసలో ఉన్నవాళ్ళంతా 75 ఏళ్ళ లోపువాళ్ళు, తమ పనులు తాము చేసుకుంటున్నవాళ్ళు. మంచం దిగలేని మనిషికి ఆ మందే ఇవ్వరు, ఇక ఆ అంకెతో ఆయనకేం పని?

ఇవన్నీ మొహం మీద చెప్పి ఏం బావుకుంటారని నా వాదన. ఇప్పటికీ సగం అదే. మిగతా సగాన్ని ఓడించింది ఆ నర్సు కాదు, ఆ మందులే. అవి దాపరికానికి లొంగవు.

ఫోల్ఫిరినాక్స్ 14 రోజులకోసారి. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి ఆక్సాలిప్లాటిన్ 85 మి.గ్రా. రెండు గంటలు, ఇరినోటెకాన్ 180 గంటన్నర, ఆ తర్వాత ఫైవ్ ఎఫ్‌యూ 2400 మి.గ్రా. 46 గంటలు చిన్న పంపులోంచి. గేస్టిక్ పుండుకి రెండు రాత్రులు నడుముకి పంపు కట్టుకు తిరగమంటే ఎవరు నమ్ముతారు? ఆక్సాలిప్లాటిన్ ఎక్కాక కొన్నాళ్ళు ఫ్రిజ్ నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది, చల్లటి గ్లాసు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి. ఇరినోటెకాన్ విరేచనాలకి ముందు లోపరమైడ్ 4 మి.గ్రా., ఆపైన రెండు గంటలకోసారి 2 మి.గ్రా., విరేచనాలు ఆగి 12 గంటలయ్యేదాకా. అన్నిటికన్నా ముఖ్యం జ్వరం. 38 డిగ్రీలు, మన థర్మామీటర్లో 100.4, వచ్చిందా, అర్ధరాత్రైనా ఆస్పత్రికి పరుగే. ఆ 2011 పరిశోధనలో ఫోల్ఫిరినాక్స్ తీసుకున్నవాళ్ళలో 46 శాతం మందికి న్యూట్రోఫిల్ కణాలు, అంటే క్రిములతో పోరాడే తెల్లకణాలు, బాగా పడిపోయాయి. సంగతి తెలియని మనిషి ఒక పారాసిటమాల్ మింగి దుప్పటి కప్పుకుంటాడు. పొద్దుటికి బీపీ ఉండదు.

మనవైపు కథ ఇంకా ముందే చెడుతుంది. కళ్ళు పచ్చబడితే నేలఉసిరి పసరు, ఉప్పులేని పథ్యం. పాంక్రియాస్ తలలో గడ్డ పైత్యనాళాన్ని నొక్కితే వచ్చే కామెర్లు వేరు: ఒళ్ళంతా దురద, తెల్లటి విరేచనం, టీ డికాషన్ లాంటి మూత్రం. వాటికి ఎండోస్కోపీతో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి గొట్టం) వెయ్యాలి. ఒంటికి ఆ పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ దిగితేగాని ఇరినోటెకాన్ ముట్టుకోరు. నెల పసరంటే నెల కీమో పోయినట్టే. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం మనిషైతే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ముందు చూడాలి. నడుం నొప్పికి రోజూ డైక్లోఫినాక్ మింగించి ఉన్న కిడ్నీలు కూడా పోగొట్టకూడదు, నొప్పి తీవ్రమైతే, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి మార్ఫిన్ కన్నా మేలైన ఫెంటనిల్ లాంటి మందులున్నాయి.

ఇచ్ఛాపురం నుంచి అగనంపూడి హోమీ భాభా ఆస్పత్రికి వచ్చేవాళ్ళకి ఆ 46 గంటలే గండం. పంపు విప్పించుకోడానికి మూడోరోజు మళ్ళీ రావాలి, లేదా విశాఖలోనే ఎవరింట్లోనో రెండు రాత్రులుండాలి. జెమ్‌సిటబిన్ అరగంటలో అయిపోతుంది గానీ, మూడు వారాలు వరసగా ఇచ్చి నాలుగో వారం వదుల్తారు కాబట్టి అదీ నెలకి మూడు ప్రయాణాలు. ఫోల్ఫిరినాక్స్ కటువైన మందు కదా, పెద్దాయన్ని ఎందుకు హింసించడమని ఫోన్లో అడిగేవాళ్ళకి నేను చెప్పేదొకటే: ఆరు నెలలకి జీవన నాణ్యత దెబ్బతిన్నవాళ్ళు ఫోల్ఫిరినాక్స్ వైపు 31 శాతం, జెమ్‌సిటబిన్ వైపు 66. మందుకన్నా జబ్బే ఎక్కువ హింసిస్తుంది. తట్టుకోలేనివాళ్ళకి కీమో మానేసి నొప్పి, ఆకలి చూసుకోవడం కూడా వైద్యమే. ఆకలి మాటొస్తే, తిన్నది అరగడానికి ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూల్ అన్నం మొదటి ముద్దతో వేసుకోవాలి, చెయ్యి కడుక్కున్నాక కాదు.

అయినా ఈ ఇంగ్లండువాళ్ళ నిజాయితీలో ఒక లోటుంది. అంకె విన్నరోజే ఇక్కడ మనిషి ఒక్కడే టాక్సీ ఎక్కి ఇంటికెళ్ళడం మామూలే. మనవైపు నలుగురు వెంట వస్తారు, కేరేజీ వస్తుంది, ఏడవడానికి వరండా మెట్ల మీద ఒక చెల్లెలుంటుంది. ఆ నలుగురూ కలిసి ఆయన నోరు మూసేస్తారు, అది వేరే సంగతి.

ఆ సీనియర్ నర్సే నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు రోగినే అడగాలి: "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుంది బాబుగారూ?" "అదంతా మావాడికి సెప్పమ్మా" అనే హక్కు ఇక్కడా ఉంది. ఆ జవాబుని ఆయన మాటల్లోనే ఫైల్లో రాసి, తేదీ వేసి, జ్వరం సంగతీ చల్లనీళ్ళ సంగతీ మాత్రం ఆయనకే చెప్పాలి.