కొలోన్‌లో ఒక కుందేలు వేలంపాట

గురువారం మధ్యాహ్నం కొలోన్‌లో రైలు దిగేసరికి బావ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. "ఒక్క కాగితం ముక్క కోసం స్టుట్‌గార్ట్ నుంచి వచ్చావా బామ్మర్దీ?" అన్నాడు. ఔనన్నాను. ఆ ముక్క మీద జర్మన్ కళాకారుడు యోసెఫ్ బాయిస్ గీసిన కుందేలుంది. శనివారం దాన్ని వేలం వేస్తున్నారు. కొనే స్తోమత నాకు లేదు. కేటలాగులో వేసిన కనీస అంచనాయే నా ఏడాది ఇంటి అద్దెను మించిపోయింది. కానీ ఇక్కడ వేలానికి ముందు కొద్ది రోజులు బొమ్మలన్నీ గోడలకు తగిలించి ఊరికే చూడనిస్తారు. టికెట్టు లేదు, కొంటారా అని అడిగేవారూ లేరు. మ్యూజియంలో గీత దాటితే కసిరే కాపలావాళ్లను చూసీ చూసీ విసిగిన నాకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ బొమ్మ నా అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే కప్పబడిపోయేంత ఉంది. పెన్సిలుతో రెండు నిలువు గీతలు, అవే చెవులు. వెన్ను ఒకే గీత. మధ్యలో ఒకచోట పెన్సిలు ఎత్తి మళ్లీ ఆనించినట్టు చిన్న చుక్క. కాళ్లు లేవు. కాళ్లు ఉండవలసిన చోట చెక్కకు పట్టించే గోధుమ రంగు ద్రావకం ఒలికి, కాగితమంతా పాకి, అంచుల దగ్గర చిక్కబడి ఆగిపోయింది. ఆ మరక మీదే కుందేలు కూర్చున్నట్టుంది. లేదా అప్పుడే లేచి పారిపోయినట్టుంది. ఎంతసేపు చూసినా తేల్చుకోలేకపోయాను.

వెనకవైపు చూడాలని ఉందంటే అక్కడి ఉద్యోగిని అభ్యంతరం చెప్పలేదు. బొమ్మను బల్ల మీద పరిచిన మెత్తటి గుడ్డపై పెట్టి, చట్రం విప్పి, కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని తిప్పింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితమది. పై అంచు పళ్లు పళ్లుగా ఉంది. రెండుసార్లు మడిచిన జాడ, పాత జిగురు మరకలు నాలుగు, పెన్సిలు సంతకం. ఏ మరక ఎక్కడుందో, మడత ఎంత పొడవుందో అన్నీ ఒక పత్రంలో రాసి ఉన్నాయి. బావ దాన్ని శ్రద్ధగా చదివి, "పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని లోపాలు ముందే చెప్పరు" అన్నాడు.

శుక్రవారం మోయ్‌లాండ్ కోట చూడటానికి వెళ్లాం. కొలోన్ నుంచి కారులో గంటన్నర, నెదర్లాండ్స్ సరిహద్దు దాకా. నేలంతా చదును. పచ్చిక, కాలువలు, తలలు నరికిన విల్లో చెట్లు. పక్కనున్న క్లేవే ఊళ్లోనే బాయిస్ పెరిగాడు. మోయ్‌లాండ్ కోట చుట్టూ నీటి కందకం ఉంది. 1740లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్, ఫ్రెంచి రచయిత వోల్టేర్ మొదటిసారి కలుసుకున్నది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో బాగా దెబ్బతిన్న ఆ కోట 1997లో మ్యూజియంగా తెరుచుకుంది. బాయిస్ కళాఖండాలు వేలల్లో ఉన్నాయి. కూడబెట్టినవాళ్లు కోటీశ్వరులు కారు, క్రానెన్‌బుర్గ్‌లో వ్యవసాయం చేసుకునే ఇంటి బిడ్డలు, ఫాన్ డెర్ గ్రిన్టెన్ అన్నదమ్ములు. బాయిస్ పేరు ఎవరికీ తెలియని రోజుల్లో, 1951 నుంచే కొనడం మొదలుపెట్టారు. 1957లో ఆయన మనసు చెదిరి కుంగిపోయినప్పుడు తమ ఇంట్లో ఉంచుకుంటే, పొలం పని చేస్తూ, గీస్తూ కోలుకున్నాడు.

కాగితం వెలిసిపోకుండా గదుల్లో మసక వెలుతురే ఉంచారు. కళ్లు అలవాటు పడ్డాక ఒక్కొక్కటే పైకి తేలాయి. జింకలు, తేనెటీగలు, కుందేళ్లు. కవరు వెనక గీసినవి, చిత్తు కాగితాల మీద గీసినవి.

ఆయన గురించి చెప్పే పెద్ద కథ వేరే. 1944లో, యుద్ధంలో, క్రిమియాలో తన విమానం కూలితే అక్కడి తాతార్ తెగవాళ్లు తన ఒంటికి కొవ్వు రాసి, ఉన్ని గుడ్డలో చుట్టి బతికించారని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన్ను కాపాడి ఆసుపత్రికి చేర్చింది జర్మన్ సైనికులేనని చరిత్రకారులు తేల్చారు. కథ కల్పితమని నాకు బాధ లేదు గానీ, దాన్ని ప్రతి బొమ్మ పక్కనా తాళపత్రంలా తగిలించడం మాత్రం విసుగు. 1965లో డ్యుసెల్‌డోర్ఫ్‌లో ఒక ప్రదర్శనగా తలకు తేనె, బంగారు రేకు పూసుకుని చచ్చిన కుందేలుకు మూడు గంటలపాటు బొమ్మలు వివరించాడు. దానికి ఏ కథా అక్కర్లేదు.

తిరుగు దారిలో లెవర్‌కూసెన్ సంగతి చెప్పాను. బావ ఉద్యోగం చేసేది ఆ ఊళ్లోనే. 1973లో అక్కడి మ్యూజియంలో ఒక పార్టీ స్థానిక శాఖ విందు చేసుకుంది. గ్లాసులు కడుక్కోవడానికి తొట్టి కావలసివచ్చి, బాయిస్ కొవ్వూ పట్టీలూ అంటించి కళాఖండంగా మలచిన పసిపిల్లల స్నానపు తొట్టిని శుభ్రంగా తోమేశారు. బావ కారు పక్కకు ఆపి మరీ నవ్వాడు. తర్వాత గంభీరంగా, "అమ్మేవాడికి డబ్బు, వేలం సంస్థకు కమీషను. గీసినవాడికి?" అని అడిగాడు. ఇక్కడి చట్టం ప్రకారం గీసినవాడు చనిపోయాక 70 ఏళ్ల దాకా వారసులకు వాటా ఉందన్నాను. బాయిస్ పోయింది 1986లో. బొమ్మ 10,000 యూరోలకు పోతే 4 శాతం చొప్పున 400 యూరోలు, అమ్మినవారే ఇచ్చుకోవాలి. ధర పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది, ఎంత పెద్ద ధరకైనా 12,500 యూరోలు మించదు. బావకు ఈ లెక్క నచ్చింది.

శనివారం హాలు సగమే నిండింది. ఒక గోడ పొడవునా, హాలుకు రాకుండా పాడేవాళ్ల తరఫున ఫోన్లు పట్టుకుని ఉద్యోగులు కూర్చున్నారు. వేలం నడిపే ఆయన గొంతు పెంచడు, పొగడడు. అంకెలు చెబుతాడు, అటూ ఇటూ చూస్తాడు, "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అంటాడు. అచ్చం మన ఊరి చెరువు పాటలో అన్న మాటలే, జర్మన్‌లో. మూడోసారికి సుత్తి పడుతుంది. నిమిషానికి ఒకటి చొప్పున బొమ్మలు వెళ్లిపోతున్నాయి.

మా కుందేలు వచ్చింది. తెర మీద గోడంత పెద్దగా వేశారు. ఆ సైజులో మరక మరకే, గీత గీతే. ఆయన మొదటి ధర చెప్పాడు. మూడో వరసలో ఒక పెద్దాయన నంబరు అట్ట ఎత్తాడు. ఫోన్ల వైపు చూస్తే ఒకమ్మాయి తల అడ్డంగా ఊపింది. అమ్మేవారు పెట్టుకున్న కనీస ధరకు ఆ ఒక్క పాటా చాలలేదు కాబోలు, సుత్తి మెల్లగా బల్లకు ఆనించి తర్వాతి నంబరు చదివాడు. పెద్దాయన అట్టతో విసురుకుంటూ కూర్చున్నాడు. నాకేమో నా బొమ్మే మిగిలిపోయినంత చిన్నతనం వేసింది.

బయట వాన. బావ కేటలాగు చివరి పేజీ చదువుతున్నాడు. "అమ్ముడుపోనివి తర్వాత అడిగి కొనుక్కోవచ్చట" అన్నాడు. నేను మాట్లాడలేదు. కేటలాగును కోటు లోపలికి, తడవకుండా, దోపుకుని కారు వైపు నడిచాడు. తలుపు తీస్తూ అన్నాడు: "మీ అక్కతో అనకు."