మాండవ్యుడి ఒంట్లో మిగిలిపోయిన ములుకు

తూనీగను పట్టుకుని తోకకు దారం కట్టి ఎగరేసిన పిల్లల్లో నేనూ ఒకడిని. అందుకేనేమో, మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య మహర్షి కథ చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

కథ చాలామందికి తెలిసిందే. మాండవ్యుడు ఆశ్రమం ముందు చెట్టు కింద చేతులు పైకెత్తి మౌనవ్రతంలో ఉన్నాడు. రాజభటులు తరుముతుంటే దొంగలు సొమ్ముతో సహా ఆ ఆశ్రమంలోకి దూరారు. ఎటు పోయారని భటులు అడిగారు. మౌనంలో ఉన్నాయన ఏం చెబుతాడు? లోపల వెతికితే దొంగలూ దొరికారు, సొమ్మూ దొరికింది. ఇంకేముంది, ఈయనా వాళ్లలో ఒకడే అనుకున్నారు. దొంగలతోపాటు ఆయన్నీ కొరత వేయమన్నాడు రాజు.

శూలం మీద కూడా ఆయన ప్రాణం పోలేదు. రాత్రిపూట ఋషులు పక్షుల రూపంలో వచ్చి, ఏం పాపం చేశావయ్యా అని అడిగితే, ఎవరిమీదని నేరం మోపను అన్నాడట. సంగతి తెలిసి రాజు వచ్చి క్షమించమని వేడుకున్నాడు. క్షమించాడు. శూలం లాగబోతే ఊడి రాలేదు. చివరికి మొదలు నరికారు, కొన ముక్క మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. ఆ ములుకే ‘ఆణి’. దాంతోనే తిరిగాడు గనుక లోకం ఆయన్ని ఆణిమాండవ్యుడు అంది.

ఈ కథ చెప్పేటప్పుడు మనం తరచు ఇక్కడే ఆగిపోతాం. ఎంత ఓర్పు, కర్మఫలం మహర్షికైనా తప్పలేదు చూశారా అని. అసలు కథ ఇక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది. రాజును క్షమించిన ఆ మనిషే తిన్నగా యమధర్మరాజు సభకు వెళ్లి నిలదీశాడు. తెలియక నేను చేసిన పాపమేమిటి, దానికి ఇంత శిక్షా? యముడి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. చిన్నతనంలో నువ్వు పురుగుల తోకల్లో గడ్డిపుల్ల గుచ్చావు, ఇది దాని ఫలం. లెక్కలో తేడా లేదు, రూలు ప్రకారమే అంతా జరిగింది. తప్పంతా ఆ రూలులోనే ఉంది. మాండవ్యుడు రాజును క్షమించాడు గానీ రూలును క్షమించలేదు.

*మర్యాదాం స్థాపయామ్యద్య లోకే ధర్మఫలోదయామ్ |*
*ఆ చతుర్దశకాద్వర్షాన్న భవిష్యతి పాతకమ్ ||*

‘ధర్మఫలం విషయంలో లోకానికి ఈరోజు ఒక హద్దు పెడుతున్నాను. పద్నాలుగేళ్ల వరకూ పాపం అంటదు.’ శాసనం మారింది, అదీ శిక్ష అనుభవించినవాడి నోటితో.

మన పుస్తకాల్లో అన్నీ ముందే ఉన్నాయని మురిసిపోవడం నాకు పెద్దగా ఇష్టముండదు. అయినా ఒక మాట చెప్పాలి. నేరానికి బాధ్యత మోపే కనీస వయసు పద్నాలుగేళ్లకు తగ్గకుండా చూడమని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ దేశాలకు సూచించింది 2019లో. మన శిక్షాస్మృతిలో ఏ చర్యా నేరం కాదనే పూర్తి మినహాయింపు ఈనాటికీ ఏడేళ్లలోపు పిల్లలకే.

మారిన రూలు మాండవ్యుడికి పనికొచ్చిందా? లేదు. ఆయన ఒంట్లో ములుకు ఆయన ఒంట్లోనే ఉంది. ఇది నన్ను కుదురుగా ఉండనివ్వదు. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపడానికి పూనుకున్న ఒక గ్రామ కార్యకర్త మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. మహిళా సంఘాలు ఊరుకోలేదు, కింది కోర్టు తీర్పుకు ముందే సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది. (విశాఖ అంటే మన సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాదు, ఆ కేసు వేసిన సంఘాల్లో ఒకదాని పేరు.) పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే మార్గదర్శకాలు అందులోవే. 2013లో అవి చట్టమయ్యాయి. ఈరోజు ఆఫీసులో ఒక అమ్మాయి టెన్షన్ పడుతూనే అయినా కమిటీకి ఫిర్యాదు రాయగలుగుతోందంటే, ఆ దారి అక్కణ్ణుంచి వచ్చిందే. దారి వేసినావిడకు మాత్రం ఆ తీర్పుతో తన కేసులో న్యాయం దక్కలేదు. ‘చూశారా, ఆ కష్టంలోంచే ఇంత మంచి పుట్టింది’ అని ఆమె ఎదుట నిలబడి అనగలమా? నేనైతే అనలేను. కష్టం తనంతట తాను దేన్నీ మార్చదు. మాండవ్యుడు శూలం మీద ఉన్నన్నాళ్లూ యముడి చిట్టా అలాగే ఉంది. ఆయన వెళ్లి అడిగాకే మారింది.

అడగడంతో ఆగలేదు. చిన్న తప్పుకు పెద్ద దండన వేశావు గనుక శూద్రయోనిలో మనిషిగా పుట్టమని యముణ్ణి శపించాడు. ఒక కులంలో పుట్టడమే శిక్ష అనుకున్న కాలం నాటి మాట అది. ఒక అన్యాయాన్ని సరిదిద్దిన నోటే ఇంకో అన్యాయాన్ని మామూలు సంగతిలా పలికింది. ఈ మచ్చను దాచి కథ చెప్పడం నాకు చేతకాదు.

అలా పుట్టినవాడే విదురుడు. ఎంత ధర్మం తెలిసినా దాసీపుత్రుడని సింహాసనానికి దూరంగా ఉంచారు. ఆసనం మీద కూర్చుని తీర్పులు చెప్పినవాడు, తన మాట చెల్లని సభలో కూర్చోవలసి వచ్చింది. ఆ సభలోకే ద్రౌపదిని ఈడ్చుకొచ్చారు. తనను తాను ఓడినవాడు నన్నెలా ఒడ్డాడని ఆమె అడిగిన ప్రశ్నకు పెద్దలు తేల్చి జవాబు చెప్పలేదు. అప్పుడు విదురుడు లేచి, ప్రహ్లాదుడికి కశ్యపుడు చెప్పిన మాటను వాళ్లకు గుర్తుచేశాడు.

*విద్ధో ధర్మో హ్యధర్మేణ సభాం యత్ర ప్రపద్యతే |*
*న చాస్య శల్యం కృంతంతి విద్ధాస్తత్ర సభాసదః ||*

అధర్మం గుచ్చిన ములుకుతో ధర్మం సభకు వస్తే, ఆ ములుకు తీయని సభ్యులకే అది గుచ్చుకుంటుందట. ఆ పాపంలో సగం సభాపెద్దకు, పావు చేసినవాడికి, మిగిలిన పావు చూస్తూ నోరు మెదపనివాళ్లకు.

ఒకప్పుడు మాండవ్యుడికి ఆ శిక్ష రాసినవాడే ఈ మాట చెబుతున్నాడు. సభలో ఒక్కరూ లేవలేదు.