మా పద్మిని వెనక లైట్లు బాగుచేయించిన నా అనుభవం

మా నాన్నగారి 1994 ప్రీమియర్ పద్మిని కారుకు బ్రేక్ లైట్లు ఎట్టకేలకు నిన్న కుదిరాయి. రాత్రిపూట విజయవాడ–గుంటూరు రోడ్డు మీద వెనక లారీ వస్తోందంటే ఇన్నాళ్లూ నాకు టెన్షనే. ఉన్నవే రెండు చిన్న లైట్లు. బ్రేక్ తొక్కితే, అదే బల్బులో 5 వాట్ల పార్కింగ్ లైటు వెలుగు మీద 21 వాట్ల బ్రేక్ వెలుగు కనపడాలి. మా బండి వెనక నిలబడి చూస్తే తొక్కామో లేదో కూడా తెలిసేది కాదు.

అందుకే ఎల్‌ఈడీ బల్బులు వేద్దామనుకున్నాను. కొనడం తేలికే, పాత హోల్డర్‌లోనే పడతాయి. ఎర్ర గ్లాసు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే కొనండి. తెల్లది పెడితే సగానికి పైగా వెలుగు ఆ గ్లాసులోనే పోతుంది.

అసలు కష్టం ఎలక్ట్రీషియన్ దగ్గర మొదలైంది. ఎల్‌ఈడీ పెడితే కుడివైపు అసలు వెలగలేదు. మళ్లీ పాత బల్బు పెట్టి బ్రేక్ తొక్కితే, లైట్ల స్విచ్ ఆఫ్‌లో ఉన్నా డ్యాష్‌బోర్డు లైట్లు మినుకుమన్నాయి! ఆయన కాసేపు చూసి, షాపులో అందరి ముందూ, "సార్, దీని వయసైపోయింది. వైరింగ్ మొత్తం మార్చాలి, లేదంటే పాత ఇనుము కొట్లో ఇచ్చేయండి" అన్నాడు. పక్కన కుర్రాళ్లు నవ్వారు. నాన్నగారు ముప్పై ఏళ్లు ప్రాణంగా చూసుకున్న బండి అది. తల కొట్టేసినట్టయింది. మీటరు పెట్టి ఒక్కచోటైనా చూడకుండా వైరింగంతా మార్చాలని ఎలా చెబుతారు? పాత బండి తెచ్చినవాళ్లను చులకన చేసే ఈ అలవాటు పోవాలి.

ఇంటికొచ్చి మల్టీమీటర్‌తో నేనే పట్టుకున్నాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, బ్రేక్ తొక్కి పట్టుకుంటే కుడి హోల్డర్‌లో 9 కూడా లేదు. బ్యాటరీ నెగటివ్ నుంచి పొడుగాటి వైరు లాగి హోల్డర్‌కు తాకించాను. అంతే, లైటు భగ్గుమంది. తప్పంతా ఎర్త్‌దే, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారిదే! హోల్డర్ బాడీని తాకేచోట తుప్పు పట్టింది. ఎర్త్ దొరక్క బ్రేక్ కరెంటు అదే బల్బులోని రెండో ఫిలమెంటు గుండా వెనక్కి మళ్లి, పార్కింగ్ లైట్ల వైరులోకి ఎక్కి, డ్యాష్‌బోర్డును వెలిగిస్తోంది. ఎమెరీ పేపర్‌తో రుద్ది, రెండు హోల్డర్లకూ విడిగా ఎర్త్ వైరు వేసి డిక్కీలో బోల్టు బిగించాను. వైరూ, దాని చివర బిగించే లగ్గులూ కలిపి ఖర్చు రెండొందలు కూడా కాలేదు.

అప్పుడే ఎల్‌ఈడీలు పెట్టాను. మామూలు బల్బు కంటే ఇవి సెకనులో అయిదో వంతు ముందే వెలుగుతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో వెనకవాడికి అది నాలుగు మీటర్లకు పైనే కలిసొచ్చే దూరం. వెనక అద్దం లోపల మూడో బ్రేక్ లైటు కూడా బిగించాను. మా వీధి చివరి నుంచి చూసినా స్పష్టంగా తెలుస్తోంది.

ఇండికేటర్లకూ ఎల్‌ఈడీ వేస్తే వాటిని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ సరిగ్గా కొట్టుకోదు. అది బల్బు తీసుకునే కరెంటుతో వేడెక్కి పనిచేసే రకం, ఎల్‌ఈడీ తీసుకునే కొద్దిపాటి కరెంటు దానికి చాలదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనండి. ఎక్కువ కరెంటు తీసుకునేలా రెసిస్టర్లు కలిపితే చాలని షాపువాళ్లు చెబుతారు, ఒప్పుకోకండి. అవి చెయ్యి కాలేంత వేడెక్కుతాయి, డిక్కీలో ప్లాస్టిక్ పక్కన వాటిని పెట్టనివ్వద్దు.