జీడిపిక్కల బస్తాకి ఏ బండి కొనాలి?

ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో బండి కొనాలంటే కంపెనీ కంటే ముందు రాష్ట్రం తేల్చుకోవాలి. ఊరు దాటగానే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంకాస్త ముందుకెళ్తే టెక్కలి. అక్కడ షోరూముల్లో తెలుగులోనే బేరం, చుట్టాలూ అటే ఎక్కువ, అందుకని చాలామంది అటే లాగుతారు. నేను మాత్రం ఇక్కడే కొని మా జిల్లా ఓడీ 20 నంబరే వేయించాలని ముందే అనుకున్నాను. ఇల్లు ఇక్కడ, ఆధార్ ఇక్కడ. బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడే రిజిస్ట్రేషన్ చేయించాలని చట్టం. వేరే రాష్ట్రం నంబరు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే మళ్లీ ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇక్కడ ట్యాక్సు. చవగ్గా వస్తోందని సెకండ్ హ్యాండ్ ఏపీ బండి కొనేవాళ్లు ఈ లెక్క వేసుకోరు, ఎవరైనా చెప్పినా వినరు.

నాది జీడిపిక్కల వ్యాపారం. సీజన్లో గుమ్మా, సెరంగో వైపు కొండ ఊళ్లకి వెళ్లి సవర రైతుల దగ్గర పిక్కలు కొని పలాస పంపిస్తాను. సరుకంతా ఆటోలోనో వ్యాన్‌లోనో దిగుతుంది. కానీ ఆటో ఎక్కని ఊళ్ల నుంచి సగం బస్తా, ముప్పాతిక బస్తా బండి మీదే తేవాలి. పలాస లెక్కలో బస్తా అంటే 80 కిలోలు. నేనొకణ్ణి, వెనక బస్తా. నా బండి చెయ్యాల్సిన పని ఇదీ.

మా బామ్మర్దికి ఇవేం పట్టవు. "హంటర్ తీసుకో బావా, ఘాటీ మూడో గేర్లో ఎక్కేస్తది" అంటాడు. అబద్ధం కాదు. అది రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి. 349 సీసీ ఇంజను, 27 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, అదీ 4000 ఆర్పీఎం దగ్గరే. కానీ బండి బరువు 181 కిలోలు. జీడితోటల మధ్య మట్టిదారిలో వాలు మీద ఆగి వెనక్కి తిప్పుకోవాలంటే, బస్తాతో సహా నేనొక్కణ్ణే తిప్పుకోవాలి. ఆ టైముకి వాడు పర్లాకిమిడిలో టీ తాగుతుంటాడు.

హంటర్ పోగా మిగిలినవి మూడు. స్ప్లెండర్ ప్లస్, ప్లాటినా 110, షైన్ 125. స్ప్లెండర్ గురించి చెప్పడానికేముంది, అది బాగుచెయ్యడం రాని మెకానిక్ ఈ జిల్లాలో ఉండడు. 97.2 సీసీ, టార్కు 8 చిల్లర. ఒక్కణ్ణే అయితే దర్జాగా ఎక్కుతుంది. బస్తా పడితే ఎత్తులో సెకండ్‌కి దింపాల్సిందే, మలుపు దగ్గర ఒక్కోసారి ఫస్టుకి. ప్లాటినా 110 చూసి నిజంగా ఊగిసలాడాను. నేలకీ ఇంజనుకీ మధ్య 200 మిల్లీమీటర్ల ఖాళీ, ట్యాంకు 11 లీటర్లు. మా తోటల దారికి ఆ ఎత్తు బంగారం. "ఏటి బావా, రిటైరైన మాస్టార్ల బండి అది" అని బామ్మర్ది నవ్వాడు. నవ్వనీ.

బండి గురించి ఎవర్ని అడిగినా రెండే మాటలు చెబుతారు, మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది. అవి ఎక్కేటప్పటి సంగతులు. నాకు టెన్షన్ దిగేటప్పుడు. నేను పైకి వెళ్లేది ఖాళీ బండితో, కిందికి వచ్చేది బరువుతో. వెనక యాభై, అరవై కిలోలుంటే వాలులో బండి ముందుకి తోసేస్తుంది. దాన్ని రెండో గేర్లో పట్టి ఉంచి, ఇంజను చేత ఆపించాలి. బ్రేకే పట్టుకుని కూర్చుంటే డ్రమ్ములో లైనింగు వేడెక్కి పట్టు సడలుతుంది, లివరు ఎంత నొక్కినా బండి జారుతూనే ఉంటుంది. పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలేసి దిగే మహానుభావులూ ఉన్నారు. వాళ్ల వెనక వెళ్లను, ముందు అసలే వెళ్లను.

డిస్కు బ్రేకు అలా కాదు, బయటే ఉంటుంది, గాలి తగిలి తొందరగా చల్లారుతుంది. ఈ చిన్న బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి సీబీఎస్, అంటే జంట బ్రేకుల ఏర్పాటు, తప్పనిసరి చేశారు కాబట్టి కాలి బ్రేకు తొక్కినా ముందు బ్రేకు కొంత పడుతుంది. మంచిదే, కానీ ఆ ముందు చక్రానికి ఉన్నది డ్రమ్మా, డిస్కా అన్నదే నా ప్రశ్న. మా డీలరు దగ్గరున్న ప్లాటినా, స్ప్లెండర్ రెండూ డ్రమ్ములే. షైన్‌లో ముందు డిస్కు ఉన్న మోడలు దొరికింది. ఐదు గేర్లు, 11 న్యూటన్ మీటర్లు, బరువు సుమారు 113 కిలోలు. హంటర్‌కీ దీనికీ తేడా దాదాపు ఒక మనిషి. నేల ఎత్తు 162 మిల్లీమీటర్లే, అదొక్కటే లోటు. తోటల్లో రాళ్లు చూసుకుని నడుపుకోవాలి. రాయి తగిలితే డబ్బు పోతుంది, బ్రేకు పడకపోతే పోయేది వేరు. షైన్ డిస్కే ఖాయం చేశాను.

ధరల సంగతి ఎక్కువ చెప్పను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బండ్లకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. హంటర్ కూడా 349 సీసీతో ఒడ్డున పడింది కాబట్టి బామ్మర్ది ఆశ ఇంకా చావలేదు. షోరూం ధర చూసి మురిసిపోకుండా ఆన్ రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎలాగూ తప్పదు. యాక్సెసరీస్ పేరుతో కలిపేవి మాత్రం ఒక్కొక్కటీ అడిగి కొట్టేయించొచ్చు.

క్యారియరు ఒకటి మిగిలింది. షోరూంలో ఇచ్చేది టిఫిన్ బాక్సుకి సరిపోతుంది, బస్తాకి కాదు. మా వీధి చివర వెల్డింగ్ షాపులో కొలత ఇచ్చాను. ఆ అబ్బాయి నిండు బస్తా కొలత తీసుకోబోతే ఆపాను, సగం బస్తాకే చెయ్యమన్నాను. చోటుంటే నేను ఎక్కించేస్తాను, నా సంగతి నాకు తెలుసు.