ఇటుకకీ అవధానానికీ మధ్య నా పీహెచ్‌డీ

సృజనాత్మకత మీద పీహెచ్‌డీ చేస్తున్నానని చెప్పగానే మా చుట్టాల్లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "అంటే కథలు రాస్తావా అమ్మా?" రెండోది, "దానికి ఉద్యోగం వస్తుందా?" మొదటిదానికి జవాబు తేలిక, రాయను. రెండోది మాత్రం వాళ్లు అనుకునేదానికంటే చాలా మంచి ప్రశ్న, దాని సంగతి తర్వాత చెబుతాను.

కాగితాల మీద నేను సైకాలజీ స్కాలర్‌ని. గైడ్ సైకాలజీ శాఖ, కో-గైడ్ తెలుగు శాఖ. పని చేసేది అష్టావధానం మీద. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, కూర్చుని తలో రకంగా పీడిస్తుంటే ఒక మనిషి నోటి నుంచి ఛందస్సు తప్పని పద్యం ఎలా వస్తుంది, ఆ రావడాన్ని ఏ రకంగానైనా కొలవగలమా అన్నది నా ప్రశ్న. ఈ ప్రశ్నకి సొంత ఇల్లు లేదు. సైకాలజీ వాళ్లకి ఇది సాహిత్యం, తెలుగు వాళ్లకి ఇది ల్యాబ్ పని, భాషాశాస్త్రం వాళ్లు కాస్త ఆసక్తిగా విని "డేటా ఏదీ?" అంటారు.

అసలు సృజనాత్మకత అనేది పరిశోధించాల్సిన విషయం అని మానసిక శాస్త్రం గట్టిగా అనుకోవడమే ఆలస్యంగా జరిగింది. 1950లో జె.పి. గిల్‌ఫర్డ్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసం ఇస్తూ, అప్పటిదాకా సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సూచికలో ఉన్న దాదాపు 1,21,000 శీర్షికల్లో సృజనాత్మకతకి నేరుగా సంబంధించినవి 186 మాత్రమే అని లెక్క చెప్పాడు. ఆ తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. వాటిలో అందరికీ తెలిసింది ఇటుక ప్రశ్న: ఇటుకని ఎన్ని రకాలుగా వాడవచ్చో చెప్పండి. ఎన్ని చెప్పారు, ఎన్ని రకాలుగా చెప్పారు, అందులో ఇతరులు చెప్పనివి ఎన్ని అని మార్కులు వేస్తారు. 1966లో అమెరికన్ సైకాలజిస్టు టోరెన్స్ తెచ్చిన పరీక్షలు కూడా ఈ కోవలోవే, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

నేనూ కోర్స్‌వర్క్‌లో భాగంగా డిగ్రీ పిల్లల చేత ఇటుక పరీక్ష రాయించాను. గోడ, పొయ్యి, లారీ చక్రం కింద అడ్డు, గల్లీ క్రికెట్‌లో వికెట్లు, నీళ్ల ట్యాంకర్ దగ్గర లైన్లో మనిషికి బదులు పెట్టడానికి. ఆ చివరిది చదివి నేను ముచ్చటపడ్డాను, ఎంత కొత్త ఆలోచన అని. రెండో కాగితంలోనూ అదే ఉంది. తర్వాత ఇంకో దాంట్లో. వాళ్లుండే పేటలో అది ఆలోచన కాదు, వేసవిలో రోజూ జరిగేదే. ఇతరులు చెప్పనిదానికే మార్కు అనే లెక్కన చూస్తే ఆ గుంపులో దీనికి సున్నా. అదే జవాబు అమెరికాలో ఏ కాలేజీలోనో ఒక కుర్రాడు రాస్తే వాడికి మార్కు పడుతుంది. అరుదు అనేది జవాబులో ఉండదు, పక్కన కూర్చున్నవాళ్లని బట్టి ఉంటుంది. ఈ సంగతి ఆ రంగంలో అందరికీ తెలుసు, అందుకే ప్రతి దేశానికీ వేరే ప్రమాణాలు కావాలంటారు. కానీ హైదరాబాద్‌లో ఒక పేటకీ ఇంకో పేటకీ మధ్య ఎన్ని దేశాలున్నాయో ఎవరు లెక్కేస్తారు?

సరే, ఇటుక పక్కన పెట్టి నిషిద్ధాక్షరి చూద్దాం. అవధానం చూడనివాళ్ల కోసం చెబుతున్నా: ఇందులో అవధాని ఒక్కో అక్షరమే చెబుతాడు, ప్రతి అక్షరం తర్వాత పృచ్ఛకుడు "ఫలానా అక్షరం వాడకూడదు" అని నిషేధం పెడతాడు. ఏ మాట రాబోతోందో ముందే పసిగట్టి దారి మూసేయడం ఆయన పని. మాటవరసకి కందపద్యం అనుకుందాం, నేను కల్పించిన ఉదాహరణే. అవధాని "శ్రీ" అన్నాడు. రాముడు వస్తాడని పృచ్ఛకుడు "ర" నిషేధించాడు. అవధాని "వా" అన్నాడు. ఇక వాణి వస్తుంది కదా, "ణ" నిషేధం. అవధాని "స" అన్నాడు, శ్రీవాస, విష్ణువు వచ్చి కూర్చున్నాడు. వాసవుడికి దారి లేకుండా పృచ్ఛకుడు వెంటనే "వ" మీద పడతాడు. బయటికి ఇది మాటల దోబూచులాట. లోపల జరిగింది వేరు. రెండో అక్షరం "వా" అనగానే ప్రాస వకారం అని ఖాయమైపోయింది, అంటే మిగతా మూడు పాదాల్లోనూ రెండో స్థానంలో వకారమే ఉండాలి. మొదటి అక్షరం గురువైంది కాబట్టి ఆ మూడు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. ఒక్క "ణ"ని తప్పించుకుంటూనే, గంట తర్వాత చెప్పబోయే పాదాలకి కూడా షరతులు పెట్టేసుకున్నాడు ఆయన. ఆ పాదాలు ఆ క్షణంలో ఆయన బుర్రలో ఉన్నాయా లేదా అన్నదే నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

దత్తపది ఇంకో రకం. కారు, బస్సు, లారీ, రైలు అనే మాటలిచ్చి రాయబార ఘట్టం చెప్పమంటారు. "పాండవులు పిరికివారు కారు" అనేసరికి కారు భారతంలో కలిసిపోతుంది, సభ చప్పట్లు కొడుతుంది. (బస్సు దగ్గర అందరూ ఇబ్బంది పడతారు, అది వేరే విషయం.)

ఇటుక పరీక్ష ఎక్కువ చెప్పినవాడికి మార్కులిస్తుంది. అవధానంలో ఎక్కువ చెప్పడానికి చోటే లేదు. పది మాటలు తోచినా తొమ్మిది వదిలేయాలి, ఆ ఒక్కటీ గణానికి, ప్రాసకి, అర్థానికి, నిషేధానికి అన్నిటికీ ఒకేసారి సరిపోవాలి. వదిలేసిన తొమ్మిదీ ఏ కాగితం మీదా కనబడవు. మన దగ్గరున్న కొలతలు పోగుచేసేవాడి సృజననే కొలుస్తాయి, వదిలేసేవాడి సృజనని కొలవవు అని నా అభిప్రాయం. థీసిస్ అంతా చివరికి ఈ ఒక్క వాక్యం కోసమే.

మెదడు ఫొటోల సంగతీ చూశాను. 2008లో చార్ల్స్ లింబ్, అలెన్ బ్రౌన్ ఒక ప్రయోగం చేశారు, చాలామంది వినే ఉంటారు. జాజ్ పియానో వాయించేవాళ్లు ఆరుగురిని మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి, ప్రత్యేకంగా తయారుచేసిన కీబోర్డు ఇచ్చి అప్పటికప్పుడు కల్పించి వాయించమన్నారు. కంఠస్థం చేసింది వాయించినప్పటితో పోలిస్తే, కల్పించేటప్పుడు మెదడు ముందు భాగంలో మనల్ని మనం అదుపు చేసుకునే ప్రాంతాలు, ముఖ్యంగా పక్కలవి, నెమ్మదించాయి. అప్పట్నుంచి ఎక్కడ చూసినా ఒకటే పాట: అదుపు వదిలేయండి, సృజన అదే పొంగుకొస్తుంది. కార్పొరేట్ వర్క్‌షాపుల్లో అయితే మరీనూ. నాకు ఇక్కడే చిక్కు. అవధాని అదుపు వదిలేస్తే అయిపోయాడు. ఒక పక్క ఘంటానాదం లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు "మీ ఆవిడ ఇవాళ ఏం వండింది?" అని అడిగితే నవ్వించే జవాబివ్వాలి, ఆగిపోయిన పద్యాలన్నీ ఎక్కడ ఆగాయో గుర్తుండాలి, చివర ధారణలో అన్నీ వరసగా అప్పజెప్పాలి. జాజ్‌లోనూ నియమాలున్నాయి, నిజమే, ఆ ఆరుగురూ ఏళ్ల సాధన ఉన్నవాళ్లే. అయినా ఆ ప్రయోగం నుంచి మొత్తం సృజనాత్మకతకే సూత్రం లాగేయడం నాకు మింగుడుపడదు. అవధానిని స్కానర్‌లో పెట్టాలన్న ఆలోచన నాకు లేదు, ఆ చప్పుడులో పెద్దాయన్ని కదలకుండా పడుకోమనడానికి నాకు మనసు రాదు, బడ్జెట్ కూడా రాదు.

నేను చేద్దామనుకుంటున్నది చిన్నది. 1926లో గ్రాహం వాలస్ సృజనకి నాలుగు దశలు చెప్పాడు, అందులో రెండోది విషయాన్ని పక్కన పెట్టి మగ్గనివ్వడం. 2009లో సియో, ఓర్మెరాడ్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసి, ఆ విరామం వల్ల మొత్తం మీద లాభం ఉందనే తేల్చారు. ఇప్పుడు అవధానం నడిచే తీరు చూడండి. సమస్యాపూరణంలో, అంటే పృచ్ఛకుడిచ్చిన చిక్కు పాదం ఇమిడేలా పద్యం చెప్పడంలో, ఒక పాదం చెప్పి, అవధాని మిగతా పృచ్ఛకులందరి దగ్గరికీ తిరిగి, రెండో పాదానికి మళ్లీ అక్కడికి వస్తాడు. నాలుగు ఆవృత్తాలు. దీన్ని అందరూ కష్టం అనే అంటారు, జ్ఞాపకశక్తికి పరీక్ష అని. నా అనుమానం ఏంటంటే ఇది ఒక సాయం కూడా. ఒక పద్యం మగ్గుతుండగా ఇంకోటి వండుతున్నాడు. నిజమో కాదో తేల్చాలంటే అదే అవధానికి అదే కష్టం ఉన్న సమస్యలు రెండు రకాలుగా ఇవ్వాలి, కొన్ని ఏకబిగిన, కొన్ని ఆవృత్తాల్లో, ఆ పద్యాలు ఎలా వచ్చాయో తెలియని పండితుల చేత విడివిడిగా మార్కులు వేయించాలి. ఈ మార్కుల పద్ధతి థెరెసా అమాబిలీ 1982లో పెట్టింది: ఆ కళ తెలిసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వేసిన అంచనాలు కలిస్తే, ఆ కలిసినదాన్నే కొలతగా తీసుకుందాం అని. చదవగానే నాకు పృచ్ఛకులే గుర్తొచ్చారు. తేడా ఏంటంటే పృచ్ఛకులు ఒకరితో ఒకరు బాగా మాట్లాడుకుంటారు.

ఇక తెలుగు శాఖ వైపు చదువు నాకు ఊహించని బహుమతి. కావ్యానికి కారణం ఏమిటన్న వాదన మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, శతాబ్దాల పాటు చేశారు. 11వ శతాబ్దపు కాశ్మీరీ మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసే ఒక కారణమన్నాడు, విడివిడిగా మూడు కారణాలు కావని కూడా ప్రత్యేకంగా చెప్పాడు. 17వ శతాబ్దంలో మన కోనసీమ ముంగండ నుంచి షాజహాన్ కొలువు దాకా వెళ్లిన జగన్నాథ పండితరాయలు ఒప్పుకోలేదు, ప్రతిభ ఒక్కటే కారణం, మిగతావి ఆ ప్రతిభ పుట్టడానికి కొందరిలో పనికొస్తాయి అంతే అన్నాడు. అమాబిలీ 1983లో పెట్టిన నమూనాలో కూడా రంగానికి సంబంధించిన నైపుణ్యం, సృజనకి పనికొచ్చే పద్ధతులు, లోపలి ఉత్సాహం అన్నీ ఉండాలి, ఒకటి లేకపోతే మిగతావి ఉన్నా లాభం లేదు. "మమ్మటుడి లిస్టులో ఉత్సాహం లేదు" అని నేను ఉత్సాహంగా చెబితే, మా కో-గైడ్ మేడమ్ "దానికి ముందు కారిక (శ్లోకం) చదివావా?" అన్నారు. చదివితే అక్కడ ఉంది, కీర్తి కోసం, డబ్బు కోసం, లోకజ్ఞానం కోసం, ఇంకా వేటివేటి కోసం కావ్యం రాస్తారో వరస పెట్టాడు. రెండు శాఖల్లో చదివితే కలిగే లాభం ఇదే, ఒక చోట నీ తెలివి అనిపించింది ఇంకో చోట హోంవర్క్ అవుతుంది.

కష్టాలు? పరిశోధన ఎలా సాగుతోందో చూసే సలహా కమిటీ, ఆర్‌ఏసీ, మీటింగ్ ప్రతి సెమిస్టర్‌కీ ఒకటి. ఒక మీటింగ్‌లో ఒక సభ్యుడు "ఇందులో సైకాలజీ ఎక్కడుందమ్మా?" అన్నారు, పక్కాయన "ఇందులో పద్యం గురించి ఒక్క మంచి మాట లేదు, అన్నీ పట్టికలే" అన్నారు. ఇద్దరూ ఒకే పేజీ గురించే మాట్లాడుతున్నారు. ఆ రోజు టెన్షన్‌లో హాస్టల్‌కొచ్చి అన్నం కూడా తినలేదు. తర్వాత మా గైడ్ సార్ చెప్పిన కిటుకు పనిచేసింది: ప్రతి అధ్యాయం ఒక శాఖకి పూర్తిగా అప్పజెప్పు, ఆ శాఖ వాళ్లు వంక పెట్టలేనట్టు రాయి, కలపడం చివరి అధ్యాయంలో చెయ్యి. అన్నిచోట్లా అన్నీ కలిపితే ఎవరికీ నచ్చదు.

ఇప్పుడు ఉద్యోగం ప్రశ్న. జాతీయ విద్యా విధానం 2020 నిండా బహుళ శాస్త్రాల అధ్యయనం గురించి ఉంది, బాగానే ఉంది. కానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ సబ్జెక్టుల వారీగా వస్తుంది, అధ్యాపక అర్హతకి రాసే నెట్ పరీక్ష సబ్జెక్టుల వారీగా ఉంటుంది, ఆ జాబితాలో సృజనాత్మకత అనే సబ్జెక్టు లేదు. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చిందంటే 2023 జనవరి నుంచి నెలకి 37,000, అది వచ్చేది కూడా ఏదో ఒక సబ్జెక్టులోనే. అందుకే ఇలాంటిది చేయాలనుకునేవాళ్లు అడిగితే నేను మొహమాటం లేకుండా చెబుతాను: డిగ్రీ మీద ఏ శాఖ పేరు పడుతుందో ముందు చూసుకోండి, ఆ శాఖలో పీజీ, నెట్ ఉన్నాయో లేదో చూసుకోండి, సరిహద్దులు తర్వాత దాటండి. బయటి దేశాల్లో సృజనాత్మకత పేరుతోనే డిగ్రీలున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో ఎంఎస్ ఎప్పట్నుంచో ఉంది. ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ ఏకంగా సృజనాత్మకతలో పీహెచ్‌డీ పెట్టింది, నాకు భలే ఆశగా ఉండేది. 2024 జూన్‌లో ఆ యూనివర్సిటీ మొత్తమే మూతపడింది, ప్రకటించిన వారం రోజుల్లోనే. ఆ స్కాలర్ల పరిస్థితి తలుచుకుంటే మన సైకాలజీ అనే పాత బోర్డు కింద కూర్చోవడం నయమే అనిపించింది. మన దగ్గరైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, ఐఐటీ కాన్పూర్‌లో కాగ్నిటివ్ సైన్స్ శాఖ లాంటివి ఉన్నాయి, రెండు మూడు శాస్త్రాలు కలిపి చదవాలనుకునేవాళ్లు అటు చూడొచ్చు.

ప్రస్తుతం ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాస్తున్నాను. "పాల్గొనేవారికి కలగగల మానసిక ఒత్తిడి" అనే గడిలో నిషిద్ధాక్షరి గురించి ఏం రాయాలో ఇంకా తేలలేదు, ఒత్తిడి లేకపోతే అది నిషిద్ధాక్షరే కాదు కదా. ఈలోగా మీలో ఎవరైనా ఎప్పుడైనా పృచ్ఛకులుగా కూర్చుని ఉంటే ఒక్క విషయం చెప్పండి: ఏ అక్షరం నిషేధించాలో మీరు ముందే ఇంట్లో అనుకుని వెళ్తారా, అక్కడికక్కడే తోస్తుందా? అప్పటికప్పుడు తోచేదైతే నేను పరిశోధించాల్సింది అవధానిని ఒక్కణ్ణే కాదు, మిమ్మల్ని కూడా. ఆ ముక్క దరఖాస్తులో ఇప్పుడే చేర్చుకోవాలి.